నవ్వే వంతు ఎవరిది

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం మూకీ చిత్ర ప్రదర్శన ముగిశాక చేసిన ప్రసంగం. సభలో మాట్లాడినదాన్ని స్వల్ప సవరణలతో ఇస్తున్నాం.)

పెద్దలకు, మిత్రులకు, వెనక వరసల్లో ఇంకా నవ్వు ఆపుకోలేకపోతున్న పిల్లలకు నమస్కారం.

ఇప్పుడు మీరు చూసింది 1925 నాటి 'సెవెన్ ఛాన్సెస్'. బస్టర్ కీటన్ నటించి, దర్శకత్వం వహించిన చిత్రం. ఇందులో మాట లేదు, కథ కూడా గట్టిగా చెప్పుకుంటే రెండు వాక్యాలు. సాయంత్రం ఏడు గంటల లోపల పెళ్లి చేసుకుంటే తాతగారి ఆస్తి వస్తుంది, లేకపోతే రాదు. పత్రికలో ఆ సంగతి పడేసరికి పెళ్లికూతుళ్ల దండు వెంటపడుతుంది. మిగిలినదంతా పరుగే. కొండ దిగుతుంటే చిన్న రాయి దొర్లుతుంది, ఆ రాయి ఇంకొక రాయిని లేపుతుంది, చివరికి కొండ కొండంతా అతని వెంట పడుతుంది. ముందుగా ప్రేక్షకులకు చూపించినప్పుడు ఈ రాళ్ల ఘట్టం లేనే లేదు. పరుగులో పొరపాటున మూడు రాళ్లు కదిలితే జనం అక్కడ పడీ పడీ నవ్వారట. కీటన్ వెనక్కి వెళ్లి రకరకాల పరిమాణాల్లో నకిలీ బండలు చేయించి ఆ ఘట్టాన్ని మళ్లీ తీశాడు. ఏది పండిందో ప్రేక్షకుడి దగ్గర నేర్చుకున్న మనిషి.

ఆ రాళ్ల దగ్గర ఈ హాలు మొత్తం ఒక్కసారిగా నవ్వింది. కానీ నేను ఇంకొక చోట మీ వైపే చూస్తూ కూర్చున్నాను. కీటన్ రోడ్డు మీద ఒక అమ్మాయి వెనకే నడిచి, పెళ్లి మాట ఎత్తబోయి, ఆమె ముఖం చూసి చటుక్కున దారి మళ్లుతాడు. ఆమె నల్లజాతి స్త్రీ. అక్కడ జోకు అంతే. కొందరు నవ్వారు. చాలామంది నవ్వలేదు. మూడో వరసలో ఒకాయన పక్కాయనను అడిగారు, 'ఎందుకు వెనక్కి వెళ్లిపోయాడు?' అని. రాళ్లు దొర్లుతున్నప్పుడు మాత్రం ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. పక్కవారిని అడగవలసి వచ్చిన ఆ జోకు గురించే ఈ పూట మాట్లాడతాను. ఇదే సినిమాలో ఉత్తరం పట్టుకుని నింపాదిగా వచ్చే నల్లజాతి పనివాడు కూడా ఉన్నాడు, గమనించారో లేదో. అతను నల్లవాడు కాదు. రంగు పూసుకున్న తెల్లవాడు.

ముందు పడటం సంగతి చూద్దాం. 1895 డిసెంబరులో పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి చూపించిన చిన్న చిన్న చిత్రాలలో ఒకటి హాస్య చిత్రం. తోటమాలి మొక్కలకు నీళ్లు పడుతుంటాడు. ఒక కుర్రవాడు వెనకనుంచి గొట్టం తొక్కుతాడు. నీళ్లు ఆగుతాయి. తోటమాలి గొట్టం మూతిలోకి తొంగి చూస్తాడు. కుర్రవాడు కాలు తీస్తాడు. ముఖమంతా నీళ్లు. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. దాని తరువాత జరిగేది చాలామంది మరిచిపోతారు: తోటమాలి ఆ కుర్రవాణ్ణి పట్టుకుని ఈడ్చుకొచ్చి వీపు వాయిస్తాడు. నవ్వులపాలైనవాడికి వెంటనే తన వంతు వచ్చింది. ఈ వంతు అన్న సంగతి మనసులో ఉంచుకోండి, దీన్ని వదలకుండా తిరుగుతాను.

కీటన్ పుట్టింది కూడా 1895లోనే. తల్లిదండ్రులు ఊరూరా తిరిగి స్టేజీ ప్రదర్శనలు ఇచ్చేవారు. పసివాడిగా ఉన్నప్పటినుంచే తండ్రి ఇతన్ని స్టేజీ మీద ఎత్తి విసిరేసేవాడు. విసరటానికి వీలుగా చొక్కా వెనక పెట్టె పిడి ఒకటి కుట్టించారు. అలా పడినప్పుడు తను నవ్వితే జనం నవ్వరని ఆ పిల్లవాడు కనిపెట్టాడు. అందుకే జీవితాంతం రాతి ముఖంతో నటించాడు. 1928లో తీసిన మరో చిత్రంలో ఇంటి ముందుగోడ నిలువునా అతని మీద పడుతుంది. సరిగ్గా కిటికీ రంధ్రం ఉన్న చోట అతను నిలబడి ఉన్నాడు కనుక బతుకుతాడు. అది కెమెరా మాయ కాదు, నిజమైన గోడ. మనిషి శరీరం, భూమి ఆకర్షణ, ఒక ప్రమాదం. వీటికి అనువాదం అవసరం లేదు. మూకీ సినిమా ఏ దేశం వెళ్లినా మధ్యలో వచ్చే అక్షరాల అట్టలు మారిస్తే సరిపోయేది.

ఇదంతా అమెరికావాళ్లు మనకు నేర్పిన విద్య అనుకోకండి. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క రాముడి కథ మధ్యలో దూరి ఒకరినొకరు చావబాదుకుంటారు. తెర వెనక చెక్కల చప్పుడు, తెర మీద దెబ్బ. ఇక ఈ ఊళ్లో నిలబడి గురజాడను తలుచుకోకుండా ఎలా ఉంటాం? లూమియేర్ సోదరుల తోటమాలి కంటే మూడేళ్ల ముందు, 1892లో, 'కన్యాశుల్కం' ఇదే విజయనగరంలో ఆడారు. మధురవాణి ఇంట్లో మంచం కింద గిరీశం, రామప్పంతులు ఇద్దరూ దూరే రంగం గుర్తుంది కదా. పూటకూళ్లమ్మ చీపురు దెబ్బ గిరీశానికి తగలాలి. తగిలింది పంతులు గారికి. ఎంత చదువు, ఎంత పలుకుబడి ఉన్నా మంచం కింద దూరినవాడు మంచం కింద దూరినవాడే. ఆ నాటకం ఎవరిని వెక్కిరించిందో వాళ్లే, అంటే కన్యాశుల్కం పుచ్చుకున్న అగ్రహారీకుల బంధువులు, కోర్టు చుట్టూ తిరిగే పంతుళ్లు, ఇంగ్లీషు ముక్కలతో బతికేసే కుర్రకారు, ముందు వరసల్లో కూర్చున్నారు. నచ్చనివాళ్లు లేచిపోవచ్చు, కేకలు వేయవచ్చు, తెల్లారి గురజాడను వీధిలో నిలదీయవచ్చు.

ఇలాంటి ఏర్పాటు లేనప్పుడు హాస్యం ఏమవుతుందో చూడటానికి అమెరికా వెళ్లాలి. 1830 ప్రాంతంలో థామస్ రైస్ అనే తెల్ల నటుడు ముఖానికి మసి పూసుకుని, చిరుగుల బట్టలు వేసుకుని, నల్ల బానిసను అనుకరిస్తున్నానంటూ ఒక పాట పాడి గెంతాడు. ఆ పాత్ర పేరు జిమ్ క్రో. అది ఎంత పండిందంటే దేశమంతటా అలాంటి బృందాలు పుట్టాయి. మాడ్చిన బిరడా పొడి ముఖానికి, పెదవుల చుట్టూ వెడల్పుగా తెలుపో ఎరుపో. తరువాతి కాలంలో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారిని విడిగా కూర్చోబెట్టిన చట్టాలకు జనం పెట్టిన పేరు కూడా అదే: జిమ్ క్రో చట్టాలు. హాస్య పాత్ర పేరు చట్టానికి రావటం ప్రపంచంలో ఇంకెక్కడైనా జరిగిందో లేదో కానీ, ఇక్కడ జరిగింది.

ఆ వేషం ఎంత బలంగా పాతుకుపోయిందో బర్ట్ విలియమ్స్ జీవితం చెబుతుంది. బహామాస్‌లో 1874లో పుట్టాడు. గొప్ప హాస్య నటుడు. తనే నల్లజాతివాడు, మేని రంగు మాత్రం కాస్త తేలిక. స్టేజీ ఎక్కాలంటే అతను కూడా ముఖానికి మసి పూసుకోవలసిందే. ప్రేక్షకులకు అసలు నల్లవాడు చాలడు, వాళ్లకు అలవాటైన నల్లవాడు కావాలి. 1910లో న్యూయార్కులో పేరు మోసిన తెల్లవారి ప్రదర్శన సంస్థ అతన్ని తీసుకుంది. 1913లో అతనితో తీస్తూ మధ్యలో వదిలేసిన ఒక సినిమా రీళ్లు నూరేళ్లు పెట్టెల్లో పడి ఉండి, 2014లో జనం ముందుకు వచ్చాయి. అందులో చుట్టూ ఉన్న నల్లజాతి నటులందరూ మామూలు ముఖాలతో, చక్కని దుస్తులతో, నాట్యం చేస్తూ, ప్రేమించుకుంటూ కనిపిస్తారు. మసి ఒక్క విలియమ్స్ ముఖానికే ఉంది. ఆ ఒక్కడి ముఖానికి మసి ఉంటేనే మిగిలినవారిని మనుషుల్లా చూడటానికి తెల్ల ప్రేక్షకుడు ఒప్పుకుంటాడని లెక్క వేసి ఉంటారు.

ఈ మసి వేషం మన దేశానికి కూడా ఓడ ఎక్కి వచ్చిందని మీలో ఎంతమందికి తెలుసు? 1860ల్లో డేవ్ కార్సన్ అనే నటుడు ఇలాంటి బృందంతో భారతదేశం వచ్చి బొంబాయి, కలకత్తాల్లో ఆడాడు. ఇక్కడికి వచ్చాక అమెరికా నల్లవాడి వేషం ఒక్కటే సరిపోలేదు. కొత్త సరుకు కావలసి వచ్చింది. బెంగాలీ బాబును ఎత్తుకున్నాడు. ఇంగ్లీషు చదువుకుని, కచేరీలో గుమాస్తాగిరీ చేసే బాబు మీద పాట కట్టి, వేషం వేసి, దొరలను నవ్వించాడు. మసి అక్కడిదే, మనిషే మారాడు. ఒక దేశంలో తయారైన హాస్యపు అచ్చు ఇంకొక దేశంలో ఎవరికైనా సరిపోతుంది.

అయితే కలకత్తా ఊరుకోలేదు. అప్పుడే మొదలైన బెంగాలీ నాటకశాలలో అర్ధేందుశేఖర్ ముస్తఫీ అనే మహా నటుడు ఉన్నాడు. 1873లో దొర వేషం కట్టి, కార్సన్ దొర తమాషాకు జవాబుగా 'ముస్తఫీ సాహెబ్ కా పక్కా తమాషా' అని ఆడాడు. దొర నడక, దొర డాబు, దొరగారి హిందుస్తానీ. ఊరు ఊరంతా విరగబడి చూసింది. నాకు ఈ మొత్తం చరిత్రలో మనసుకు హత్తుకున్న ఘట్టం ఇదే. అతను కార్సన్ ఆట ఆపమని అర్జీ పెట్టలేదు. వంతు తీసుకున్నాడు.

మనకూ అలాంటివాడు ఉన్నాడు. పిట్టలదొర. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకీ, నోరు తెరిస్తే కోతలు. వేటకు వెళ్లిన దొరను, ఆ దొర వెంట తిరిగి తానే దొరనుకున్నవాణ్ణి కలిపి కొట్టిన వేషం అది. జాతి మీద హాస్యం అనగానే మనం పైవాడు కిందివాణ్ణి వెక్కిరించటమే అనుకుంటాం. పల్లెటూరి పగటివేషగాడు ఆ దారిని ఎప్పుడో రెండు వైపులా తెరిచాడు.

ఇక మీరందరూ చూసిన సినిమాకు వస్తాను. 'ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ'. చేతులు ఎత్తండి చూద్దాం. చూశారా, నాకు ఎదురుగా కనిపించేవాళ్లలో సగం మందికి పైనే. దక్షిణాఫ్రికాలో 1980లో విడుదలైంది. దర్శకుడు జేమీ యూస్. కలహారి ఎడారి మీదుగా వెళ్తున్న విమానం నుంచి పైలెట్ ఖాళీ కోకా కోలా సీసా పారేస్తాడు. అది ఆ ఎడారిలో వేటాడి బతికే బుష్‌మన్ తెగ కుటుంబం దగ్గర పడుతుంది. దేవుళ్లు పంపారనుకుంటారు. ఒకే ఒక్క వస్తువు, అందరికీ కావాలి, తగవులు మొదలవుతాయి. దాన్ని భూమి అంచున పారేసి రావటానికి ఒకతను బయలుదేరుతాడు. ఆ పాత్రలో నటించినతని పేరు నికావ్ అని మనం రాసుకుంటాం. అసలు పేరులో నాలుకతో చేసే చప్పుడు ఒకటి ఉంది, దాన్ని రాయటానికి మన యాభై ఆరు అక్షరాలు చాలవు.

ఆ సినిమాలో హాస్యం పాతకాలపు మూకీ హాస్యమే. కెమెరాను నెమ్మదిగా తిప్పి తీస్తే తెర మీద మనుషులు గబగబా కదులుతారు, ఆ కిటుకు నిండుగా వాడాడు. బ్రేకులు లేని జీపు ఒకటి ఉంది. దాన్ని ఆపకుండానే దిగి గేటు తీసి, మళ్లీ పరుగెత్తి ఎక్కాలి. చివరికి ఆ జీపు ఇనుప తాడుతో తనను తాను లాక్కుని చెట్టెక్కి కూర్చుంటుంది. ఇది నడిపే తెల్ల శాస్త్రవేత్త ఆడమనిషి ఎదురైతే చేతిలో ఉన్నవన్నీ పడేస్తాడు. కనుక పడేది నల్లవాళ్లే అనటానికి వీల్లేదు. తెల్లవాళ్లే ఎక్కువగా పడతారు. నికావ్ పడడు. అతను హుందాగా, చిరునవ్వుతో, అందరికంటే తెలివైనవాడిగా కనిపిస్తాడు. అందుకే ప్రపంచమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. 1984లో అమెరికాలో విడుదలై నెలల తరబడి ఆడింది. మరి ఎందుకు గొడవ జరిగింది? దాని మీద ఎందుకు ధర్నాలు చేశారు?

సినిమాను కాస్త ఓపికగా చూడండి. నికావ్ తన భాషలో చాలా మాట్లాడతాడు. మనకు వినిపించేది మాత్రం పైనుంచి ఒక తెల్లాయన గొంతు. అతను ఏమనుకుంటున్నాడో ఆ గొంతే చెబుతుంది. జంతువుల మీద తీసే చిత్రాల్లో సింహం మనసులోని మాట చెప్పినట్టు. మేకను వేటాడాడని అతన్ని జైల్లో పెడతారు. మేక ఒకరి సొత్తు అని అతనికి తెలియదు, జైలంటే ఏమిటో తెలియదు. మిగిలిన శిక్షను ఏం చేస్తారు? తెల్ల శాస్త్రవేత్త దగ్గర జాడలు చూపే పనివాడిగా పంపిస్తారు. కథలో ఇది సుఖాంతం వైపు మలుపు. 1980 నాటి దక్షిణాఫ్రికాలో, తెల్లవారి వర్ణవివక్ష పాలనలో, నల్లవాడు ఏ ఊళ్లో తిరగాలన్నా జేబులో పాసు ఉండాలి. తెర మీద ఆ పాసు ఎక్కడా లేదు. తెల్లవారు, నల్లవారు అక్కడ హాయిగా కలిసి మెలిసి ఉంటారు. తుపాకులు పట్టుకున్న తిరుగుబాటు నల్లవాళ్లు మాత్రం పనికిమాలిన మూక. దక్షిణాఫ్రికాను ప్రపంచం వెలివేసిన రోజుల్లో ఆ చిత్రం బోట్స్వానా పేరు మీద దేశాలు దాటింది.

ఇదే సమయంలో నికావ్ మనుషుల మధ్య ఇంకొక కెమెరా ఉంది. జాన్ మార్షల్ అనే అమెరికన్ 1950ల మొదటినుంచీ ఆ ప్రజలను చిత్రీకరిస్తున్నాడు. 1980లోనే నాయ్ అనే ఒక స్త్రీ జీవితం మీద అతని చిత్రం వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నాయ్, నడివయసు నాయ్ ఇద్దరూ అందులో ఉన్నారు. వేట లేదు, అడవి లేదు. చుమ్‌క్వే అనే చోట ప్రభుత్వం కేటాయించిన నేలలో మొక్కజొన్న పిండి రేషను, క్షయ రోగం, డబ్బు తెచ్చిన తగవులు, కుర్రవాళ్లను సైన్యంలో చేర్చుకోవటానికి వచ్చిన దక్షిణాఫ్రికా సైనికులు. విశేషం ఏమిటంటే, జేమీ యూస్ సినిమా షూటింగు కూడా అందులో కనిపిస్తుంది. తోలు గోచీలు కట్టించి, నాగరికత సోకని కుటుంబంగా ఎలా నటించాలో చెబుతుంటారు. టేకు బాగా రాలేదు, మళ్లీ చేయండి అంటారు. మనం తెర మీద చూసి మురిసిపోయిన అమాయకత్వం అది.

నికావ్‌కు మొదటి సినిమాకు ముట్టింది కొన్ని వందల డాలర్లని చెబుతారు. డబ్బు విలువ తెలియక ఆ నోట్లను గాలికి వదిలేశాడని ప్రచారంలో ఒక కథ తిరిగింది. ఆ కథ కూడా సినిమాలో జోకులాగే ఉందని గమనించండి. 1989లో రెండో భాగం తీసేటప్పుడు మాత్రం గట్టిగా బేరమాడి మంచి మొత్తం తీసుకున్నాడని అంటారు. ఆ తరువాత హాంకాంగ్ నిర్మాతలు ఎత్తుకుపోయారు. 1991లో వచ్చిన 'క్రేజీ సఫారీ'లో చైనా గెంతుడు దెయ్యం విమానం నుంచి కలహారిలో పడుతుంది. సీసా పోయి శవం వచ్చింది. దక్షిణాఫ్రికా తెల్లవాడి జోకు చైనావాళ్ల చేతికి వచ్చేసరికి గోచీ కట్టిన నల్లవాడు అలాగే ఉన్నాడు, అతని గురించి చెప్పే గొంతు మారింది. నికావ్ చివరికి ఊరికి తిరిగి వచ్చి ఇటుకల ఇల్లు కట్టుకుని, మొక్కజొన్న, గుమ్మడి, చిక్కుళ్లు పండించుకుంటూ 2003లో చనిపోయాడు. డబ్బు విలువ తెలియని మనిషి చేసే పనులు కావు ఇవి.

ఇప్పుడు మన ముఖం మీది మసి సంగతి. 1968లో 'ది పార్టీ' అనే హాలీవుడ్ చిత్రంలో ఇంగ్లీషు నటుడు పీటర్ సెల్లర్స్ ముఖానికి గోధుమ రంగు పూసుకుని బక్షీ అనే భారతీయ నటుడిగా కనిపించాడు. నిజం చెప్పాలంటే అద్భుతమైన హాస్యం. మొదట్లో యుద్ధం సీను. బక్షీ బాకా ఊదుతుంటాడు. ఎన్ని గుండ్లు తగిలినా చావడు, ఊదుతూనే ఉంటాడు, విసిగిపోయి సొంత సైన్యం వాళ్లు కూడా కాలుస్తారు. పెద్దవాళ్ల విందుకు పొరపాటున ఆహ్వానం అందుకుని వెళ్తాడు. బురదైన బూటు కడుక్కోబోతే అది నీటి కాలువలో పడి కొట్టుకుపోతుంది. ఒంటి కాలి బూటుతో విందంతా తిరుగుతాడు. అందులో వెర్రివాళ్లు విందుకు వచ్చిన పెద్దమనుషులే, బక్షీ మంచివాడు. అయినా మాట తీరు? అది ఏ జిల్లా భారతీయుడిదీ కాదు.

సత్యజిత్ రాయ్ ఒక సినిమా కోసం అంతకు ముందే సెల్లర్స్‌తో మాట్లాడాడు. అది తెర మీదికి రాలేదు. 'ది పార్టీ'లో బక్షీ తన పెంపుడు కోతి పేరు అపు అంటాడు. అది రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి'లో పిల్లవాడి పేరు. రాయ్‌కు అది ముల్లులా గుచ్చుకుంది. ఆ పేరు అక్కడితో ఆగలేదు. 1990లో అమెరికా టీవీ కార్టూను 'ది సింప్సన్స్'లో దుకాణం నడిపే భారతీయుడికి, ఈసారి రాయ్ చిత్రాల మీది గౌరవంతోనే, అపు అని పేరు పెట్టారు. గొంతు ఇచ్చిన తెల్ల నటుడు హ్యాంక్ అజారియా ఆ యాసను పట్టింది 'ది పార్టీ'లో సెల్లర్స్ దగ్గర. నకలుకు నకలు. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలను బడిలో తోటివాళ్లు ఏడిపించింది ఆ యాసతోనే. అలా పెరిగిన ఒక తెలుగు ఇంటి పిల్లవాడు, హరి కొండబోలు, తనే హాస్య నటుడై 2017లో దీని మీద డాక్యుమెంటరీ తీశాడు. ఇక ఆ గొంతు ఇవ్వనని 2020లో అజారియా చెప్పాడు. ఇంగ్లండులో ఇంకో రకంగా తేలింది. సెల్లర్స్ 1960లో ఒక భారతీయ డాక్టరు వేషం వేసి పాడిన పాట 'గుడ్‌నెస్ గ్రేషస్ మి'. అక్కడి భారతీయ సంతతివాళ్లు 1990ల్లో ఆ పేరునే తమ బీబీసీ హాస్య కార్యక్రమానికి పెట్టుకున్నారు. అందులో పేరుపడ్డ ఘట్టం, తాగి ఊగుతున్న భారతీయుల గుంపు బొంబాయిలోని 'ఇంగ్లీషు హోటలు'కు వెళ్లి, వెయిటరు పేరు నోరు తిరగక వంకరగా పలికి, ఉన్నవాటిలో అస్సలు రుచి లేని కూర ఏదని అడగటం. చూసిన తెల్లవాళ్లు కూడా విరగబడి నవ్వారు. ముస్తఫీ మనవలు అనిపిస్తుంది నాకు.

అక్కడిదాకా వెళ్లాం, ఇంటికి రాకపోతే బాగుండదు. మన సినిమాలో హీరో కృష్ణా ఒడ్డున పుట్టినట్టు మాట్లాడతాడు. అతని ఇంట్లో వంటవాడు, అపార్ట్‌మెంటు కాపలాదారు, పట్నం వచ్చి తెల్లబోయే బంధువు, వీళ్లకు మాత్రం మన యాస. (నవ్వులు) నవ్వుతున్నారు. నాకూ నవ్వు వస్తుంది. అది అసలు మన యాస అయితే ఇంకా బాగుండేది. నాలుగు క్రియల చివరలు లాగి, రెండు మాటలు అతికిస్తే శ్రీకాకుళం అయిపోతుందని ఎవరో అనుకున్నారు. బక్షీ మాట ఏ జిల్లాది కాదో ఇదీ అంతే. చాసో ఈ ఊరి మాటతో కథలు రాశాడు. కారా మాస్టారు రాశారు. ఆ మాట వింటే నవ్వే రాదు, ఒక్కోసారి నిద్ర పట్టదు. అదే మాట తెర మీదికి వెళ్లేసరికి చీపురు పట్టుకుంటుంది. యాస మీద జోకును జిమ్ క్రోతో సమానం చేయటం లేదు. ఈ యాస వల్ల మనల్ని ఎవరూ విడిగా కూర్చోబెట్టలేదు. కానీ నవ్వులపాలు కావటం ఎలా ఉంటుందో ఈ జిల్లాలవాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కరలేదు.

ఇంకొకటి. హాస్య నటుడికి పెళ్లిచూపులు. ముసుగు తీస్తారు. ముఖమంతా నల్ల రంగు పూసిన అమ్మాయి, పెదవులకు ఎర్ర రంగు. అతను గోడ దూకి పారిపోతాడు. ఎన్ని సినిమాల్లో చూశారు? కీటన్ ఎందుకు వెనక్కి వెళ్లిపోయాడని అడిగిన పెద్దాయన ఎక్కడున్నారో కానీ, ఆ జోకు తమకు తెలియనిది కాదండీ. మనం తీసుకున్నది వాళ్ల దగ్గరా, మన ఇంటి పెళ్లి సంబంధాల దగ్గరా అన్నది తేల్చటం కష్టం. ఆ రంగు పూసుకున్న జూనియర్ ఆర్టిస్టుకు ఆ పూటకు భోజనం, బత్తెం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా దేశాల కుర్రవాళ్లు చదువుకుంటున్నారు. వాళ్లూ సినిమా హాళ్లకు వస్తారు. ఆ సీను వచ్చినప్పుడు పక్క సీటు వైపు చూడటానికి మనకు ధైర్యం ఉంటుందా?

పగటివేషగాళ్లను మళ్లీ తలుచుకుంటాను. వాళ్లు కోమటిని, సోమయాజులును, ఫకీరును, కరణాన్ని ఎవరినీ వదలలేదు. అయితే ఆ వేషం ఆ వాడలోనే, ఆ మనుషుల గుమ్మం ముందే ఆడాలి. సంభావన వాళ్ల చేతుల మీదుగానే రావాలి. కొలత తప్పితే గింజలు రాలవు. ఊరికి బయట ఉన్నవాళ్ల మీద వేషం కట్టినప్పుడు ఈ కొలత అంతగా పని చేయలేదు, ఎందుకంటే వాళ్ల గుమ్మం ముందు సంభావన లేదు. ఆ సంగతి దాచిపెట్టి పాత కళలను పొగడటం నాకు ఇష్టం లేదు. ఇక సినిమా అయితే ఎవరి గుమ్మం ముందూ ఆడదు. నాయ్ ఉండే చోట సినిమా హాలు లేదు.

ఇంతటితో ఆపి, మీ ప్రశ్నలకు వస్తాను.

ప్రశ్న: కీటన్ సినిమాలో ఆ రెండు మూడు ముక్కలు కత్తిరించి చూపిస్తే సరిపోయేది కదా?

సరిపోదండీ. కత్తిరిస్తే కీటన్ మీకు మచ్చలేని మహానుభావుడిగా మిగులుతాడు, 1925 నాటి అమెరికా కూడా అలాగే మిగులుతుంది. జేమీ యూస్ చేసింది అదే కదా, పాసులు కత్తిరించి దక్షిణాఫ్రికాను చూపించాడు. కీటన్ మహా కళాకారుడు. ఆ జోకు నీచమైనది. రెండూ ఒకే రీలులో ఉన్నాయి. టీవీ వాళ్లు ప్రకటనల కోసం ఎలాగూ కత్తిరిస్తారు, మనం కూడా ఎందుకు?

ప్రశ్న: మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు 'ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ' చూపించాలని అనుకున్నాం. మీ మాటలు విన్నాక సందేహం వచ్చింది. చూపించమంటారా, వద్దంటారా?

చూపించండి మాస్టారూ. ఆ జీపు చెట్టెక్కినప్పుడు పిల్లలు నవ్వకపోతే నాకు చెప్పండి. కాకపోతే మర్నాడు నాయ్ మీద మార్షల్ తీసిన చిత్రం కూడా వేయండి, గంట కూడా పట్టదు. ముందు ఉపన్యాసం చెప్పి, తరువాత సినిమా వేయకండి. అప్పుడు పిల్లలు మీ ముఖం చూసి నవ్వాలో వద్దో తేల్చుకుంటారు. ముందు కడుపారా నవ్వనివ్వండి. మర్నాడు షూటింగు దృశ్యం వస్తుంది, మళ్లీ చేయండి అని దర్శకుడు అంటాడు. అక్కడ ఆపి ఏమీ చెప్పకండి. ఒకరిద్దరు పక్కవాళ్లను ఏదో అడుగుతారు. వాళ్లు ఏమడిగారో రాసుకుని నాకు పంపండి.